లివర్‌పూల్ వరుసలో సున్నా

ముందు పోయినవి రాస్తాను.

పన్నెండు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం ఉన్న స్లాబు ముక్క. లెక్క కడితే ఏడు పాయింట్ రెండు ఘనపు మీటర్ల కాంక్రీటు, అంటే ఒక మిక్సర్ లారీ సరుకు. అందులో ఇరుక్కుని పాడైపోయిన పన్నెండు ఎంఎం కడ్డీలు అరవై ఒకటి. ఒక్కోటి నాలుగు మీటర్లు, మొత్తం రెండు వందల పదిహేడు కిలోలు. ఆ ముక్కను పగలగొట్టి దింపడానికి పదకొండు మంది, తొమ్మిది రోజులు. కాంక్రీటు పగలగొట్టే మిషను ఒకటి కాలిపోయింది. ఒకతని ఎడమచేతి చూపుడువేలి గోరు ఊడింది. మూడు నెలల్లో మళ్లీ వచ్చింది కాబట్టి దాన్ని పోయినవాటిలో వేయాలా వద్దా అని ఆలోచించి, వేశాను. చివరిది, ఒక మనిషి ఉద్యోగం. ఆయన ఇంగ్లండు మనిషి. ఆ ఉద్యోగం పోవడంలో నేను రాసిచ్చిన నాలుగు వాక్యాలున్నాయి. వాటికి తోడు నోటితో చెప్పిన ఒక మాట ఉంది.

నేను బళ్లో చదివింది ఏడో తరగతి. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఇరవై నాలుగేళ్ల వయసులో హెల్పరుగా మస్కట్ వచ్చాను. ఇప్పుడు నలభై ఏడు. మస్కట్ శివారు మబేలాలో మా కంపెనీ కట్టే ఇళ్లకూ బళ్లకూ ఎంత ఇనుము, ఎంత కాంక్రీటు పడుతుందో తేల్చేది నేనే. ఎవరూ నేర్పలేదు. కడ్డీ మందాన్ని ఎంఎంలలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నూట అరవై రెండుతో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుందని ఒక ఇంజనీరు పారేసిన డ్రాయింగు వెనక చూశాను. నమ్మబుద్ధి కాలేదు. మీటరు ముక్క కోసుకుపోయి కూరగాయల దుకాణంలో కాటా మీద పెట్టించాను. సరిగ్గా వచ్చింది. అప్పటి నుంచి నాది అదే పద్ధతి. ఎవరు ఏ లెక్క చెప్పినా ఒకసారి నేను తూచి చూడాలి.

ఒక్క లెక్కను మాత్రం తూచకుండా తీసుకున్నాను. అది మా ఫోర్‌మన్ చెప్పిన బ్రిటన్ లెక్క.

ఫోర్‌మన్‌ది కడప. ముస్లిం. నాకంటే ఐదేళ్లు పెద్ద. అప్పటికి మేమిద్దరం తొమ్మిదేళ్లుగా ఒకే రూమ్‌లో ఉంటున్నాం. ఒమన్‌లో ఆయనది ఇరవై రెండేళ్ల సర్వీసు, అందులో సగం బ్రిటిష్ ఇంజనీర్ల కింద. మా దగ్గర కంపెనీ కడుతుంది, కన్సల్టెంట్ ఆఫీసు వాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. ఆ తనిఖీకి వచ్చేవాళ్లలో బ్రిటిష్ వాళ్లు ఉంటుంటారు. కొత్తవాడు వచ్చాడంటే ఫోర్‌మన్ మొదట కనుక్కునేది అతనిది ఏ ఊరని.

ఒక శుక్రవారం రూమ్‌లో చేపలు కడుగుతూ ఆయన చెబుతుంటే నేను నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాసుకున్నాను.

"రాసుకోబ్బా. లండనోడు సూడకుండానే సంతకం పెడతాడు, ఆయప్పకు టైము ముఖ్యం. స్కాట్లండోడు కాయితం లేందే కాలు కదపడు, పిసినారి. బర్మింగ్‌హామోడు నిద్రపోతా మాట్లాడినట్టు మాట్లాడతాడు, ఏమీ అర్థం గాదు. యార్క్‌షైరోడు మొగం మీదనే చెప్తాడు. ఆ మాట సంతకం కన్నా గట్టి."

"లివర్‌పూలోడు?"

"అమ్మో, వాడా! నవ్విస్తా నవ్విస్తానే జేబు కొట్టేస్తాడు. ఈపొద్దు ఒక మాట, రేపు ఒక మాట."

"వేల్స్ అని గూడ ఒకటున్నది గద భాయ్?"

"వాళ్లు పాటలు పాడతారంట. పాటకు మన సైట్లో కొలత యాడుంది? ఇడ్చిపెట్టు."

నాకు నవ్వొచ్చింది. "గట్ల జూస్తే కడపోళ్ల వరుస గూడ రాయాలె భాయ్. బ్యాగుల బాంబులు తెచ్చినవా?"

"తెచ్చినా. నీ లెక్కల పుస్తకం కింద పెట్టినా, సూసుకో. మరి మీ జగిత్యాలోళ్లు? పొద్దున్నే కల్లు పడకపోతే చెయ్యి వణుకుతాదంట గదా, నీకెట్లా గీతలు తిన్నగా వస్తాండాయి?"

నేను జీవితంలో కల్లు తాగింది రెండుసార్లు. ఆయన బాంబును చూసింది ఎప్పుడూ లేదు. బాంబుల మాట ఎవరన్నా ఆయన నవ్వుతాడు. నవ్వుతూ చేతిలో పని ఏది ఉంటే దాని మీదికి చూపు దించుకుంటాడు. ఆ రోజు చేప మీదికి దించుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఆ నవ్వును చాలాసార్లు చూశాను.

ఆ పట్టికలో ఐదు వరుసలు, రెండు గళ్లు. ఊరు, గుణం. అంతే.

తర్వాతి నెల మా సైట్‌కు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కట్టేది రెండంతస్తుల బడి. ఆయనకు యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. మొదటి రోజు ఎవరితోనూ నవ్వలేదు. బూట్ల నిండా సిమెంటు మరకలు. తన నీళ్ల సీసా తానే తెచ్చుకున్నాడు. ఆఫీసు కంటైనర్‌లో నేను టీ పోసిస్తే "టా" అన్నాడు. ఇంకో టీ అడుగుతున్నాడేమోనని రెండో గ్లాసు పోశాను. దాన్ని ఒక క్షణం చూసి, అదీ తాగాడు. అక్కడివాళ్లలో కొందరు థ్యాంక్స్‌ను అలా అంటారని చాలా రోజులకు తెలిసింది. అప్పటిదాకా పాపం రోజూ రెండు టీలు తాగాడు.

ఏ ఊరని ఫోర్‌మన్ అడిగితే "నార్త్" అన్నాడట, ఇంగ్లండుకు ఉత్తరం వైపు. మా పట్టికలో ఉత్తరం వైపున్నట్టు మాకు తెలిసింది యార్క్‌షైర్ ఒక్కటే. మనిషి చూస్తే నవ్వడు, రెండు మాటలకు మించి మాట్లాడడు. "ఇంకేముంది, యార్క్‌షైరోడే" అన్నాడు ఫోర్‌మన్. నేను ఆ వరుస పక్కన టిక్కు పెట్టాను.

ఆయన వారానికి నాలుగు రోజులు వచ్చేవాడు. కంటైనర్ దగ్గర నన్ను చూడగానే "ఆల్ రైట్?" అనేవాడు. పనంతా సరిగ్గా ఉందా అని అడుగుతున్నాడనుకునేవాణ్ని. అందుకని లెక్క అప్పగించేవాణ్ని. "పిల్లర్స్ ట్వెల్వ్ ఫినిష్ సార్, స్టీల్ టూ టన్ బ్యాలెన్స్ సార్." ఆయన ఒకసారి నవ్వబోయి ఆపుకున్నాడు. నా ఇంగ్లీషు చూసి నవ్వొచ్చిందనుకున్నాను.

పధ్నాలుగో వారంలో మొదటి అంతస్తు వరండా స్లాబు. కడ్డీలు కట్టడం ముందురోజే అయిపోయింది. తనిఖీకి రమ్మని కాగితం పంపాం. పొద్దున ఏడుకల్లా కాంక్రీటు లారీ వచ్చి గేటు దగ్గర డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడింది. రెండు గంటల్లో దింపకపోతే ఆ సరుకు పారబోయాల్సిందే. ఏడూ పదికి ఇన్‌స్పెక్టరు నిచ్చెన ఎక్కి స్లాబు అంచు మీదికి వచ్చాడు. నేను టేపు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆయన చేతిలో ఫోన్ మోగుతోంది. నా వైపు చూసి "ఆల్ రైట్?" అన్నాడు. నేను "ఎస్ సార్" అన్నాను. ఆయన తల ఊపి, ఫోన్ చెవిన పెట్టుకుని, దిగి రెండో బ్లాకు వైపు వెళ్లిపోయాడు.

పధ్నాలుగు వారాలు ఆ మాటను ప్రశ్నగానే విన్నాను. ఆ రోజు నాకు కావలసింది ప్రశ్న కాదు. గేటు దగ్గర లారీ తిరుగుతోంది.

కిందికి దిగి ఫోర్‌మన్‌కు చెప్పాను. "ఆల్ రైట్ అన్నడు భాయ్."

"సంతకం పెట్టినాడా?"

"పోతూ పోతూ పెడ్తడు తియ్యి. నేను పక్కన్నే ఉన్న, నా చెవుల్తోటి ఇన్న."

"కాయితం లేకుండా యట్లబ్బా?"

"యార్క్‌షైరోని మాట సంతకం కన్నా గట్టి అని నువ్వే అంటివి గద."

ఆయన లారీ వైపు చూశాడు. వాచీ చూసుకున్నాడు. "అంటి. సరే, పోయించు."

ఎనిమిదికి ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం, టేపు పట్టుకుని తిరిగొచ్చేసరికి స్లాబంతా కడ్డీలు కనపడకుండా నిండిపోయింది. ఎవరు పోయమన్నారని అడిగాడు. "మీరే సార్" అన్నాను. ఆయన నిచ్చెన దిగి, నేల మీద మిగిలిపోయిన కడ్డీలను వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఇరవై. ఇవెందుకు మిగిలాయని అడిగాడు.

నా లిస్టులో కడ్డీలు ఎనభై ఒకటి, పదిహేను సెంటీమీటర్లకు ఒకటి చొప్పున. కట్టేవాళ్లు పాత డ్రాయింగు చూసి ఇరవై సెంటీమీటర్లకు ఒకటి కట్టారు. అరవై ఒకటే పట్టాయి. వరండా బయటికి పొడుచుకొచ్చే స్లాబు, కింద పిల్లర్లు లేవు, పైన పిల్లలు నడుస్తారు. పగలగొట్టాల్సిందే అన్నాడాయన. ఆ మాటలో తప్పు లేదని నాకు అప్పుడే తెలుసు.

తప్పు ఎవరిదన్నది తేలాలి. సంతకం లేకుండా పోసినందుకు ఫోర్‌మన్‌దీ నాదీ. లేదంటే, చూడకుండా సరేనన్నందుకు ఇన్‌స్పెక్టరుది. మా మేనేజరు నా చేత ఇంగ్లీషులో కాగితం రాయించాడు. నాలుగు వాక్యాలు. ఏడూ పదికి ఆయన స్లాబు మీదికి వచ్చారు. కడ్డీల వైపు చూశారు. ఆల్ రైట్ అన్నారు. ఆ తర్వాత మేము పోశాం. మూడో వాక్యం చివర ప్రశ్న గుర్తు పెట్టలేదు, చుక్క పెట్టాను.

బుధవారం కన్సల్టెంట్ ఆఫీసులో మీటింగు. అక్కడి పెద్దాయనది లండన్. మా మేనేజరు, ఫోర్‌మన్, నేను ఒకవైపు, ఇన్‌స్పెక్టరు ఒక్కడూ ఇంకోవైపు. తాను పలకరించాను తప్ప పోయమని చెప్పలేదని, తమ వైపు అందరూ అలాగే పలకరిస్తారని ఆయన చెప్పాడు. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, మా వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు. "ఈయనది లివర్‌పూల్. చెయ్యి కలిపాక మీ వాచీ ఉందో లేదో చూసుకోండి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూ తన ముందున్న కాగితం మీదికి చూపు దించుకున్నాడు. ఆ దించుకోవడం నాకు తెలుసు. నా పక్కన కూర్చున్న మనిషి తొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదే.

ఆదివారం మళ్లీ కూర్చుందామని లేచారు. బయటికి రాగానే ఫోర్‌మన్ నా భుజం తట్టాడు. "సూసినావా! లివర్‌పూలోడంట. ఇప్పుడు పలకరింపు అంటాండాడు. మాట మార్చేది వాళ్ల రక్తంలోనే ఉండాది."

"మొన్నటిదాక యార్క్‌షైర్ అంటివి."

"మొన్న తెలీలేదు గదబ్బా."

పదిహేను వారాల్లో ఆ మనిషిని రెండు వరుసల్లో రాశాం. మొదటి వరుస ఆయన మాట నమ్మి పోయమంది. రెండో వరుస ఆయన మాట నమ్మొద్దంది. ఆయన అన్నది రెండుసార్లూ ఒకటే.

శుక్రవారం మధ్యాహ్నం సామాన్లకని మబేలాలోని పెద్ద మార్కెట్‌కు వెళ్లాను. చేపల దగ్గర మంచు దిబ్బ ముందు ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు, చేతిలో బుట్ట. అటువైపు నుంచి ఇంకో తెల్లమనిషి బండి తోసుకుంటూ వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆల్ రైట్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆల్ రైట్" అన్నాడు ఆ మనిషి. బండి ఆపకుండానే దాటిపోయాడు.

అంతే. అక్కడ స్లాబు లేదు, కడ్డీలు లేవు, ఎవరూ దేనికీ ఒప్పుకోలేదు. అడిగింది ఒక మాట, వచ్చింది అదే మాట. నేను మంచు మీది చేపలను చూస్తూ నిలబడిపోయాను. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు. నా నాలుగు వాక్యాలు ఆయన చదివి రెండు రోజులు. అయినా అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. "ఆల్ రైట్?"

నేను చేపల వైపు తల తిప్పుకున్నాను. ఆయన వెళ్లి డబ్బులు కట్టే లైనులో నిలబడ్డాడు. నేను ఏమీ కొనకుండా బయటికి వచ్చాను.

శనివారం సైట్‌లో ఫోర్‌మన్‌ను పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. "పలకరించుడే భాయ్ అది. మనం బాగున్నవా అంటం గద, గట్లనే. గాయన అబద్ధం ఆడలే. రేపటి మీటింగుల జెప్పేస్త."

ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "చెప్పు. చెప్పి, నాకు టికెట్ గూడా నువ్వే తీయి."

"గదేంది భాయ్?"

"నా బతాకా వచ్చే నెల అయిపోతాండాది. ఆ కార్డు లేకుంటే ఈ దేశంలో ఒక్కరోజు ఉండనీరు. సంతకం లేకుండా పోయించినోడని రాస్తే ఏ కంపెనీ తిరిగి కొడతాది ఆ కార్డు? యాభై ఏళ్లు నాకు. నీ ఆల్ రైట్ నమ్మే గదా నేను పోయించింది?"

గొంతు తగ్గించి ఆయనే మళ్లీ అన్నాడు. "ఆయప్పకేం, వాళ్ల దేశం పోతాడు. పని దొరుకుతాది. మనకు ఈడ తప్ప యాడుంది?"

అదీ ఒక లెక్కే. బ్రిటన్ వాళ్లందరికీ పని దొరుకుతుందని ఎవరు తూచి చూశారు?

ఆదివారం మీటింగులో పెద్దాయన నన్ను ఒక్కటే అడిగాడు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా అడిగాడు. "ఆయన ఆ మాటను అడిగినట్టు అన్నాడా, చెప్పినట్టు అన్నాడా?"

నాకు తెలుసు. ఆ మాట చివర గొంతు పైకి లేవడం పధ్నాలుగు వారాలుగా విన్నాను. చేపల దగ్గర కూడా విన్నాను. ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు చూస్తున్నాడు. ఫోర్‌మన్ నా వైపు చూడలేదు, తన హెల్మెట్ పట్టీ సర్దుకుంటున్నాడు.

"చెప్పినట్టు, సార్" అన్నాను.

నెలాఖరుకు ఇన్‌స్పెక్టరు కాంట్రాక్టు ఆపేశారు. బూట్లు, హెల్మెట్ తీసుకుపోవడానికి ఒకరోజు కంటైనర్‌కు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన తన సామాను సంచిలో వేసుకుని, నన్ను దాటుకుని వెళ్లిపోయాడు.

ఫోర్‌మన్‌కు కొత్త కార్డు కొట్టారు, రెండేళ్లకు. అది చేతికొచ్చిన రోజు రూమ్‌లో బిర్యానీ చేశాడు. నాకు పెద్ద ముక్కలు వేశాడు. మేమిద్దరం ఆ ఇంగ్లండు మనిషి ఊసెత్తలేదు. మరుసటి వేసవిలో ఫోర్‌మన్ రుస్తాఖ్‌లో మా కంపెనీదే ఇంకో సైట్‌కు వెళ్లాడు. వారానికోసారి ఫోన్ చేస్తాడు. అక్కడి ఎండ గురించి, భోజనం గురించి మాట్లాడుకుంటాం.

ఆయన వెళ్లాక ఆ పట్టిక తీసి మూడో గడి గీశాను. చూసినవాళ్లు ఎందరు? ఫోన్‌లోనే ఒక్కొక్క వరుసా అడిగాను.

"లండన్?"

"ముగ్గురు."

"స్కాట్లండ్?"

"ఒగడు. మంచోడే, పాపం. నాకు చలికోటు ఇచ్చిపోయినాడు."

"బర్మింగ్‌హామ్?"

"ఒగడు."

"యార్క్‌షైర్?"

"ఒగడే."

"లివర్‌పూల్?"

"నేను సూడలేదబ్బా. లండనోళ్లు చెప్తాంటే విన్యా."

సున్నా అని రాశాను. ఆరుగురిని చూసి ఒక దేశాన్ని పట్టికలో పెట్టాం. కోటు ఇచ్చిపోయిన మనిషి పిసినారి వరుసలో ఉన్నాడు. సున్నా ఉన్న వరుస ఒక మనిషి ఉద్యోగం తీసింది. కాదు, అలా రాస్తే పట్టిక మీదికి తోసేసినట్టవుతుంది. పట్టికకు నోరు లేదు. "చెప్పినట్టు, సార్" అన్న నోరు నాది.

నిరుడు మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఇప్పుడా?" అన్నాడు. ఫైలు మూసేశారన్నాడు. తెరిస్తే నాతో పాటు ఇంకొకరూ పోతారన్నాడు. ఆ ఇంకొకరు ఎవరో పేరు చెప్పలేదు. కన్సల్టెంట్ ఆఫీసుకు నేనే మెయిల్ రాశాను, తప్పు నా ఒక్కడిదే అని. ఒక వాక్యం జవాబు వచ్చింది. మీ సమాచారం అందింది, ఆ ఉద్యోగి ఇప్పుడు మా దగ్గర లేరు. ఆయన అడ్రసు అడుగుతూ ఇంకోటి రాశాను. దానికి జవాబు రాలేదు. ఆయనకు ఇంకో పని దొరికిందో లేదో నాకు తెలియదు. నా నాలుగు వాక్యాలు ఆ ఫైలులో అలాగే ఉన్నాయి, మూడోదాని చివర చుక్కతో.

ఇప్పుడున్న ఇన్‌స్పెక్టరు కూడా ఇంగ్లండు మనిషే. ఏ ఊరో నేను అడగలేదు. పొద్దున కనపడగానే "ఆల్ రైట్?" అంటాడు, నేను "ఆల్ రైట్" అంటాను. అది ఆ రోజుకారోజు చెల్లిపోతుంది. పాత ఖాతాలో పడదు.

పాత ఖాతా సైట్ డైరీలో ఉంది. వారానికి నాలుగు చొప్పున పధ్నాలుగు వారాలు, యాభై ఆరు. ఆయన సెలవులో ఉన్న రోజులు ఆరు, నేను లేని రోజులు మూడు, తీసేస్తే నలభై ఏడు. చేపల దగ్గర ఒకటి. సామానుకు వచ్చిన రోజు ఆయన అడగలేదు కాబట్టి దాన్ని కలపలేదు. ఆయన నన్ను ఎలా ఉన్నావని అడిగితే నేను పిల్లర్లెన్నో, కడ్డీలెన్నో చెప్పినవి, చివరికి ఏమీ చెప్పలేకపోయినది, అన్నీ కలిపి ఈ రోజుకు నేను బాకీ ఉన్న జవాబులు నలభై ఎనిమిది.